గిడ్డీకి ఏడాదికి 30 మిలియన్లు ఇచ్చేయాలా, బుల్స్ ఇంకా ఆగాలా?

బొంకులదిబ్బ_బుల్ (విజయనగరం)
ఆగస్టు 17, 2025, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నెలన్నరగా నడుస్తున్న గొడవ ఇది, ఇంక ఇక్కడికి తెచ్చేస్తున్నాను. మా నాన్నగారు తొంభైల్లో మైకేల్ జోర్డన్ ఆట చూసి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని షికాగో బుల్స్‌కి అతుక్కుపోయిన మనిషి. ఆయన వల్ల నాకూ అదే పిచ్చి పట్టుకుంది, సీజన్ ఉన్నన్నాళ్ళూ ఇద్దరం పొద్దున్నే లేచి టీ పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటాం. ఎప్పుడూ ఒకే మాట మీద ఉండేవాళ్ళం, ఈ వేసవిలో మాత్రం జోష్ గిడ్డీ దగ్గర తేడా వచ్చేసింది.

సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. గిడ్డీ ఆస్ట్రేలియా కుర్రాడు, 22 ఏళ్ళు, ఆరడుగుల ఎనిమిది అంగుళాల గార్డ్, అంటే బంతి తెచ్చి ఆట నడిపేవాడు. 2021 డ్రాఫ్ట్‌లో (టీములు వరసగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) ఓక్లహోమా సిటీ ఆరో పిక్‌గా తీసుకుంది. 2024 జూన్‌లో అలెక్స్ కరూసోని వాళ్ళకిచ్చి మనం ఇతన్ని తెచ్చుకున్నాం, ఒకరికి ఒకరు, పైన ఒక్క పిక్ కూడా రాలేదు. కరూసో ఈ జూన్‌లో అక్కడ టైటిల్ గెలిచాడు. ఆ మాట మా నాన్నగారి ముందు ఎత్తడానికే లేదు.

ఇప్పుడు గిడ్డీ నాలుగేళ్ళ రూకీ (కొత్త ఆటగాడి) ఒప్పందం అయిపోయింది. బుల్స్ 11.1 మిలియన్ డాలర్ల క్వాలిఫైయింగ్ ఆఫర్ (ఒక్క ఏడాది ఒప్పందం) ఇచ్చి ఉంచారు కాబట్టి అతను రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్. అంటే బయట టీమ్ ఏదైనా అతని చేత ఆఫర్ షీట్ మీద సంతకం పెట్టించుకోవచ్చు, కానీ అదే రేటుకి మేమే ఉంచుకుంటాం అనే హక్కు బుల్స్‌కి ఉంటుంది, ఆ మాట చెప్పడానికి మర్నాటి రాత్రి వరకే టైమ్. అతనేమో ఏడాదికి 30 మిలియన్ల దగ్గర అడుగుతున్నాడని, బుల్స్ అంత దూరం రావడం లేదని వార్తలు. అదే డ్రాఫ్ట్‌లో ఇతని కంటే ఒక్క స్థానం ముందు వెళ్ళిన జేలెన్ సగ్స్‌కి ఆర్లాండో పోయిన అక్టోబరులో ఐదేళ్ళకి 150 మిలియన్లు ఇచ్చింది కదా, అడగడంలో తప్పు ఉందని నేను అనను.

పోయిన సీజన్లో 70 ఆటలు ఆడాడు, సగటున 14.6 పాయింట్లు, 8.1 రీబౌండ్లు, 7.2 అసిస్టులు. ఫిబ్రవరిలో వచ్చే ఆల్ స్టార్ బ్రేక్ తర్వాత ఆడిన 19 ఆటల్లో అయితే 21.2, 10.7, 9.3. దాదాపు ట్రిపుల్ డబుల్ (మూడింటిలోనూ పది, ఆపైన) సగటు అది. లేకర్స్ మీద సగం కోర్టు నుంచి వేసిన ఆ షాట్ గుర్తుంది కదా, 119-117, మనకి మార్చి 28 పొద్దున్న. నాన్నగారు అరిచిన అరుపుకి పక్కింటి వాళ్ళు ఏమైందోనని తలుపు కొట్టారు.

ఆయన వాదన ఒక్కటే. "ఏటీ, వీడ్ని కూడా వదిలేస్తారేటి? అడిగింది ఇచ్చేయండి." నా భయం వేరు. 19 ఆటలు చూసి నాలుగైదేళ్ళకి కట్టుబడిపోవడమా? ఈ ఏడాది క్యాప్ (టీమ్ జీతాల పరిమితి) 154.6 మిలియన్లు, అందులో ఐదో వంతు ఒక్కడికే పోతుంది, అదీ ఎదుటి గార్డ్‌ని ఆపలేడని అందరికీ తెలిసిన ఆటగాడికి. మీరేమంటారు? ఇవ్వాలా, ఆగాలా, ఎవరికైనా ఇచ్చేసి ఇంకేమైనా తెచ్చుకోవాలా?


నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
ఆగస్టు 17, రాత్రి 11:05

ఆగాలి. గిడ్డీ వద్దని కాదు, నాకూ ఇష్టమే. కానీ వేలంపాటలో రెండో మనిషి లేనప్పుడు మన పాట మీద మనమే పాడుకోవడం ఏమిటి?

చూడండి, ఈ వేసవిలో క్యాప్ ఖాళీ ఉన్నది ఒక్క బ్రూక్లిన్‌కే. వాళ్ళేమో గిడ్డీ వైపు రాలేదు. అందుకే కుమింగా, క్యామ్ థామస్, క్వెంటిన్ గ్రైమ్స్, గిడ్డీ, ఈ నలుగురు రిస్ట్రిక్టెడ్ ఆటగాళ్ళూ ఆగస్టు సగం దాటినా ఇంకా సంతకం లేకుండా ఉండిపోయారు. నలుగురి పరిస్థితీ ఒకటే అయినప్పుడు అది ఆటగాడి లోపం కాదు, బజార్లో డబ్బు లేదంతే.

బుల్స్ ఈ తప్పు ఒకసారి చేసేశారు. ప్యాట్రిక్ విలియమ్స్, 2020లో నాలుగో పిక్. 2024 వేసవిలో అతనూ రిస్ట్రిక్టెడే. బయట నుంచి ఆఫర్ షీట్ ఏదీ రాకుండానే ఐదేళ్ళకి 90 మిలియన్లు చేతిలో పెట్టారు. ఆ తర్వాతి సీజన్లో సగటు 9 పాయింట్లు. ఇప్పుడు ఆ ఒప్పందంతో అతన్ని ఎవరు తీసుకుంటారు? నాకు గిడ్డీ మీద కోపం లేదు, ఆ సంతకం మీద ఉంది, అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

నా లెక్క, నాలుగేళ్ళు, ఏడాదికి 22 నుంచి 25 మధ్య. అక్టోబరు 1 దాకా టైమ్ ఉంది, కంగారు ఎందుకు.


కొత్తవలస_తోట
ఆగస్టు 18, ఉదయం 6:40

మాది మామిడి తోటల ఊరు కాబట్టి నాకు ఈ లెక్క అలాగే కనిపిస్తుంది, వేరేగా చెప్పడం రాదు. తోటని పూత మీద మాట్లాడుకుంటే గుత్త తక్కువకి వస్తుంది. మంచు పట్టి పూత మాడిపోయినా, తేనెమంచు పురుగు పడినా, వైశాఖంలో గాలివాన వచ్చి కాయ రాలిపోయినా నష్టం మాత్రం గుత్తదారుదే. కాయ దిగాక మాట్లాడుకుంటే రేటు పెరుగుతుంది, కానీ ఏం కొంటున్నామో కళ్ళకి కనబడుతుంది. రూకీ ఒప్పందం నాలుగో ఏడు మొదలవకముందే పొడిగింపు ఇవ్వడం పూత మీద కొనడం. పోయిన అక్టోబరులో ఆర్లాండో సగ్స్‌ని అలా కొనేసింది, బుల్స్ గిడ్డీని అలా కొనలేదు. అప్పటికి అతను మన దగ్గర ఒక్క సీజన్ కూడా ఆడలేదు, ఆగడం సబబే. ఇప్పుడు కాయ కనబడుతోంది. కనబడ్డాక కూడా పూత రేటుకే కావాలి అంటే తోట యజమాని నవ్వుతాడు.

నాగావళి అన్న విలియమ్స్ ఒక్కడినే చెప్పాడు. ఈ కిటుకు బుల్స్‌కి కొత్త కాదు, వీళ్ళ దగ్గర చాలామందికి ఇలాగే జరిగింది, మొత్తం చూడాలి.

జిమ్మీ బట్లర్. 2014లో పొడిగింపు వద్దని తన మీద తనే పందెం కట్టుకున్నాడు, ఆ సీజన్లో సగటు 20 పాయింట్లు, మోస్ట్ ఇంప్రూవ్డ్ అవార్డు, 2015లో ఐదేళ్ళకి 90 మిలియన్లు దాటిన మ్యాక్స్ (రూల్ ప్రకారం ఇవ్వగలిగినంత) ఒప్పందం. బుల్స్ మారుమాట లేకుండా ఇచ్చారు, ఇవ్వడం కరెక్టే అయింది.

జాక్ లవీన్. మోకాలి ఆపరేషన్ తర్వాత 2017-18లో 24 ఆటలే ఆడాడు. 2018 జులైలో శాక్రమెంటో నాలుగేళ్ళకి 78 మిలియన్ల ఆఫర్ షీట్ మీద సంతకం పెట్టించింది. మోకాలు బాగోలేనివాడికి ఇంతా అని ఎంతమంది తిట్టారో నాకు గుర్తుంది. బుల్స్ అదే రేటు ఇచ్చి మ్యాచ్ చేశారు. 2020-21లో సగటు 27.4, ఆల్ స్టార్. ఆ నాలుగేళ్ళ ఒప్పందం ఎంత చవకో తర్వాత అందరికీ అర్థమైంది. దాని వెనక 2022లో ఇచ్చిన 215 మిలియన్లు వేరే కథ.

ఇంక లౌరి మార్కనెన్. 2021లో ఇదే పరిస్థితి, ఇదే వయసు దగ్గర. బుల్స్‌కి నమ్మకం కుదరలేదు, సైన్ అండ్ ట్రేడ్‌లో (కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టించి వెంటనే ట్రేడ్ చేసి) క్లీవ్‌లాండ్ పంపేశారు, నాలుగేళ్ళకి 67 మిలియన్లే. ఏడాది తిరిగేసరికి అతను డొనోవన్ మిచెల్ ట్రేడ్‌లో యూటా వెళ్ళాడు, 2022-23లో సగటు 25.6 పాయింట్లు, ఆల్ స్టార్, మోస్ట్ ఇంప్రూవ్డ్. నేను ఆ ఏడాది యూటా ఆటలు చూడటానికే లేచేవాణ్ణి, చూసినప్పుడల్లా బాధగా ఉండేది. ఏడడుగుల మనిషి, మన దగ్గర మూలన నిలబెట్టి త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేయించినవాడు, అక్కడ బంతి పట్టుకుని రింగ్ మీదకి వెళ్తున్నాడు.

విలియమ్స్ దగ్గర ఎక్కువ ఇచ్చి పోగొట్టుకున్నది డబ్బు. మార్కనెన్‌ని వదిలి పోగొట్టుకున్నది మనిషిని. డబ్బు ఒప్పందం అయిపోతే తిరిగొస్తుంది. నేను 30 కూడా ఇచ్చేస్తాను, బొంకులదిబ్బ బాబూ, మీ నాన్నగారి పక్షమే.


సిమెంట్‌కోర్ట్_మాస్టారు (విజయనగరం)
ఆగస్టు 18, మధ్యాహ్నం 1:15

డబ్బు లెక్క మీరందరూ చెప్పేశారు, నేను ఆట గురించి చెప్తాను. ఇక్కడ పిల్లలకి పొద్దున్నా సాయంత్రం బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను, ఇరవై ఏళ్ళు దాటింది.

కొన్నేళ్ళ కిందట తొమ్మిదో తరగతిలో ఒక పొడుగు కుర్రాడు చేరాడు. పొడుగు కనబడితే మన దగ్గర ఎవరైనా చేసే పనే నేనూ చేశాను, రింగ్ కింద నిలబెట్టాను. రెండేళ్ళు అలాగే గడిచాయి. వాడు ఆడుతున్నాడు కానీ మొహంలో సంతోషం లేదు. ఒకసారి జిల్లా పోటీల ముందు మా గార్డ్‌కి మడమ బెణికింది, గత్యంతరం లేక బంతి ఈ పొడుగు వాడి చేతికిచ్చాను. ఆ రోజు తెలిసింది, వాడికి కోర్టంతా కనబడుతుంది. ఎదుటివాళ్ళ తలల మీదుగా చూసి, పరిగెత్తేవాడి అడుగు ఎక్కడ పడుతుందో అక్కడికి పాస్ పంపేవాడు. నేను వాడి రెండేళ్ళు పాడుచేశానని ఇప్పటికీ అనిపిస్తుంది.

గిడ్డీని ఓక్లహోమాలో చూసినప్పుడు నాకు ఆ కుర్రాడే గుర్తొచ్చేవాడు. అక్కడ బంతి షే గిల్జస్-అలెగ్జాండర్ చేతిలో ఉండాలి, ఉండాల్సిందే, అంత గొప్ప ఆటగాడు. దాంతో గిడ్డీ మూలన నిలబడేవాడు. 2023-24లో అతని త్రీ 33.7 శాతం, డిఫెండర్లు వదిలేసి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. 2024 ప్లేఆఫ్స్‌లో డల్లాస్ సరిగ్గా అదే చేసింది, సిరీస్ మధ్యలో అతన్ని బెంచ్ మీదకి తీసేయాల్సి వచ్చింది. మన దగ్గరికి వచ్చాక త్రీ 37.8 శాతానికి వెళ్ళింది. అసలు మార్పు మాత్రం ఫిబ్రవరిలో లవీన్‌ని శాక్రమెంటో పంపాక వచ్చింది. బంతి పూర్తిగా ఇతని చేతికి వచ్చింది. రీబౌండ్ తనే పట్టుకుంటాడు, ఇంకొకరికి ఇచ్చి మళ్ళీ తీసుకునే పని లేదు, అక్కడి నుంచే పరుగు మొదలు. మటాస్ బుజెలిస్ లాంటి కుర్రాడు ముందుకి పరిగెత్తితే చాలు, బంతి వచ్చేస్తుంది. కోబీ వైట్‌కి బంతి తెచ్చే భారం తగ్గింది, షాట్ల మీద ధ్యాస పెట్టాడు. ఆ 19 ఆటలు అదృష్టం కాదు, అతనికి ఇవ్వాల్సిన పని అతనికి ఇవ్వడం.

డిఫెన్స్ మాట నిజం. పక్కలకి కదలడంలో అతని కాళ్ళు నెమ్మది. వేగమైన గార్డ్ ఎదురైతే మొదటి అడుగులోనే దాటేస్తాడు. అది శిక్షణతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు, నేను పిల్లల్లో చూసి చెప్తున్నాను. కాబట్టి అతనికి డబ్బు ఇస్తే, పక్కన ఎదుటి గార్డ్‌ని పట్టుకునే వాడొకడు, వెనక రింగ్ కాసేవాడొకడు ఉండి తీరాలి. ఈ వేసవిలో లోంజో బాల్‌ని ఇచ్చి ఐజాక్ ఒకోరోని తెచ్చారు కదా, అందుకే అనుకుంటున్నాను. అంటే గిడ్డీ ఉంటాడని లెక్క వేసుకునే టీమ్ కడుతున్నారు. అలాంటప్పుడు అతన్ని సెప్టెంబరు చివరి దాకా గాల్లో వేలాడదీయడం నాకు నచ్చడం లేదు. టీమ్‌ని నడిపించేవాడు ప్రాక్టీసు మొదటి రోజు నుంచి మనసు కుదురుగా ఉండాలి.


పలాస_పాయింట్‌గార్డ్
ఆగస్టు 18, మధ్యాహ్నం 2:30

ఒక డౌట్. గిడ్డీకి విసుగొచ్చి ఆ 11.1 మిలియన్లకే సంతకం పెట్టేస్తే ఏమవుతుంది? ఒక ఏడాదికి చవకగా దొరికినట్టే కదా, మంచిదేగా?


నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
ఆగస్టు 18, మధ్యాహ్నం 3:10

కాదు తమ్ముడూ, మనకి అన్నిటికంటే ప్రమాదం అదే. అలా పెడితే 2026 వేసవికి అతను పూర్తి ఫ్రీ ఏజెంట్, మ్యాచ్ చేసే హక్కు పోతుంది, ఎటు కావాలంటే అటు వెళ్ళిపోవచ్చు. ఈ ఏడాది మధ్యలో ట్రేడ్ చేద్దామన్నా అతని ఒప్పుకోలు కావాలి. డెట్రాయిట్‌లో గ్రెగ్ మన్రో 2014లో అదే చేసి, మరుసటి ఏడాది మిల్వాకీ వెళ్ళిపోయాడు, పిస్టన్స్‌కి ఏమీ దక్కలేదు.

ఆగమని నేను అన్నది ఆ గీత దాకా లాగమని కాదు. మాస్టారు చెప్పింది చదివాక నేనూ కొంచెం తగ్గాను, 25 దగ్గర ముగించేస్తే మంచిది. ఆటగాడికి కూడా 11 మిలియన్ల మీద ఒక ఏడాది ఆడి, మోకాలికి ఏదైనా అయితే? లోంజో బాల్‌ని చూశాం కదా. 2021లో అతన్నీ ఇలాగే న్యూ ఆర్లీన్స్ నుంచి సైన్ అండ్ ట్రేడ్‌లో తెచ్చుకున్నారు, 2022 జనవరిలో మోకాలు దెబ్బతింటే 2024 అక్టోబరు దాకా కోర్టు మీదకి రాలేకపోయాడు. ఒప్పందం ఉంది కాబట్టి అతని కుటుంబానికి దిగులు లేదు. భయం రెండు వైపులా ఉంది, అందుకే మధ్యలో ఎక్కడో కలుస్తారు.


రాజాం_టు_షికాగో
ఆగస్టు 18, రాత్రి 9:45

మాది రాజాం, ఆరేళ్ళుగా షికాగోలో ఉంటున్నాను. లేకర్స్ ఆట రోజు నేను యునైటెడ్ సెంటర్‌లోనే ఉన్నాను, పై వరసల్లో. ఆఖరి పది సెకన్లలో విలియమ్స్ త్రీ, లెబ్రాన్ వేసిన పాస్‌ని గిడ్డీ లాక్కోవడం, కోబీ వైట్ త్రీ, మళ్ళీ రీవ్స్ స్కోర్ చేసి లేకర్స్‌ని ముందుకి తీసుకెళ్ళడం, చివర ఆ షాట్. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దాయన నన్ను కావలించుకుని ఏడ్చేశాడు. కాబట్టి గిడ్డీ మీద ప్రేమ లేక ఈ మాట అంటున్నానని అనుకోకండి.

ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. 2022-23లో 40 గెలుపులు, 42 ఓటములు. 2023-24లో 39-43. 2024-25లో 39-43. మూడేళ్ళూ ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్ చివరి స్థానాల కోసం ఆడే ఆటల్లో) మయామీ చేతిలోనే ఇంటికి వచ్చాం, ఈ ఏప్రిల్‌లో అయితే సొంత కోర్టులో 109-90. చివరి 20 ఆటల్లో 15 గెలిచాం నిజమే, కానీ మార్చి, ఏప్రిల్‌లో లీగ్‌లో సగం టీములు డ్రాఫ్ట్‌లో మంచి పిక్ కోసం ఓడిపోవాలని చూస్తుంటాయి, మిగతావాళ్ళు పెద్ద ఆటగాళ్ళకి విశ్రాంతి ఇస్తారు. ఆ రోజుల్లో వచ్చిన అంకెల్ని నేను అంత నమ్మను. గిడ్డీకి 30 ఇస్తే మనం మళ్ళీ 40 ఆటలు గెలిచే టీమే అవుతాం. అంతకంటే కిందకి పోము, మంచి పిక్ రాదు. పైకీ పోము. టికెట్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళకి ఈ మధ్యలో ఉండిపోవడం చాలా కష్టంగా ఉంటుంది, ఓటమి కంటే ఎక్కువ.

నేనైతే 25 లోపు ఒప్పందం, నాలుగేళ్ళు, ఏ ఏడాదీ పెరిగిపోకుండా ఒకే రేటు. క్యాప్ ఏటా 10 శాతం దాకా పెరగొచ్చు, కొత్త టీవీ డబ్బు ఈ సీజన్ నుంచే మొదలు, కాబట్టి మూడో ఏడాదికి ఆ 25 తేలికైపోతుంది. అప్పుడు ఇతను మనవాడు కాకపోయినా ఇంకొకరు ఆనందంగా తీసుకుంటారు. 30 అయితే తీసుకోరు. నాకు ఆ ఐదు మిలియన్ల తేడాయే ముఖ్యం.


కొత్తవలస_తోట
ఆగస్టు 18, రాత్రి 10:30

రాజాం తమ్ముడూ, నీ చివరి పేరా ఒప్పుకుంటున్నాను. ఒకే రేటు అన్నావు చూడు, అది సరైన మాట. 2012లో ఒమర్ ఆషిక్‌ని హ్యూస్టన్ ఎలా లాక్కెళ్ళిందో గుర్తుంది కదా, మూడేళ్ళకి 25 మిలియన్లు, మొదటి రెండేళ్ళు ఐదేసి, మూడో ఏడు ఒక్కసారి 15. ఆ మూడో ఏడు చూసే బుల్స్ మ్యాచ్ చేయలేకపోయారు. ఇప్పుడు అలా గొంతు మీద కత్తి పెట్టే బయటి టీమ్ లేదు కాబట్టి ఒప్పందం ఎలా రాయాలో మన చేతిలోనే ఉంది.

కానీ "మధ్యలో ఉండిపోతాం" అని 22 ఏళ్ళ వాణ్ణి వదిలేస్తే ఆ ఖాళీలోకి ఎవరొస్తారు? షికాగోకి పెద్ద ఫ్రీ ఏజెంట్ తనంతట తను వచ్చి ఎన్నాళ్ళయింది? పైకి వెళ్ళాలన్నా బుజెలిస్‌కి, కొత్తగా వచ్చిన ఎసెంగేకి పాస్ ఇచ్చేవాడు ఉండాలి కదా.


బొంకులదిబ్బ_బుల్ (విజయనగరం)
ఆగస్టు 19, ఉదయం 7:10

అందరికీ థాంక్స్. రాత్రి మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. మార్కనెన్ దగ్గర ఆయన "అదీ సంగతి" అని మంచం మీద లేచి కూర్చున్నారు. విలియమ్స్ దగ్గర ఏమీ మాట్లాడలేదు. మాస్టారు రాసిన పొడుగు కుర్రాడి కథ మాత్రం రెండోసారి చదవమన్నారు.

నా అభిప్రాయం కూడా కదిలింది, ఒప్పుకుంటాను. నేను 19 ఆటల్ని లాటరీలా చూశాను, మాస్టారు దానికి కారణం చూపించారు. లవీన్ వెళ్ళిన తర్వాత అని నేను ఎప్పుడూ విడదీసి చూడలేదు. ఇప్పుడు నా ఓటు నాలుగేళ్ళు, 25 దగ్గర. నాన్నగారు ఇంకా 30 దగ్గరే ఉన్నారు.


బొంకులదిబ్బ_బుల్ (విజయనగరం)
సెప్టెంబరు 10, ఉదయం 8:05

అయిపోయింది! నాలుగేళ్ళు, 100 మిలియన్లు, మొత్తం గ్యారెంటీ. నాగావళి అన్నా, మీరు చెప్పిన పైరేటుకే వచ్చి ఆగింది. నాన్నగారిని నిద్ర లేపి చెప్పాను. ఎన్నేళ్ళు అని ఒక్కటే అడిగారు, నాలుగు అన్నాను, నాలుగేళ్ళకి వాడికి 26 అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చాలా సంతోషించారు.

మాస్టారూ, ఇప్పుడు మీరు చెప్పిన మిగతా సగం ఉంది. ఒకోరో ఒక్కడు సరిపోతాడా, వెనక రింగ్ దగ్గర వూచెవిచ్‌తో ఎలా నెట్టుకొస్తారు, దాని గురించి వేరే థ్రెడ్ పెడతాను, మీరు తప్పకుండా రాయాలి. అక్టోబరు 23 పొద్దున్న ఐదున్నరకి పిస్టన్స్‌తో మొదటి ఆట. అలారం నాన్నగారే పెట్టేసుకున్నారు.